అన్నమా, చపాతీయా? బారిడీహ్ కంచంలో పిండి లెక్క

దేశంలో మధుమేహం ఎంతమందికి ఉందో రాష్ట్రాలవారీగా తేల్చే పనిని భారత వైద్య పరిశోధన మండలి నెత్తికెత్తుకుని, 2011లో మొదటి విడత ఫలితాలు బయటపెట్టింది. పెద్దవాళ్లలో నూటికి చండీగఢ్‌లో 13.6 మందికి, తమిళనాడులో 10.4 మందికి షుగరుంటే, జార్ఖండ్‌లో 5.3 మందికే ఉంది. పైకి చూస్తే ఫరవాలేదనిపించే అంకె అది. విప్పి చూస్తే మాత్రం అందులో రెండు జార్ఖండ్‌లున్నాయి. పల్లెల్లో 3 శాతం, పట్టణాల్లో 13.5 శాతం. తమిళనాడు పట్టణాల లెక్క 13.7. అడవుల రాష్ట్రమని మనం అనుకునే చోట పట్నవాసి షుగరు విషయంలో తమిళ పట్నవాసికి ఏమీ తీసిపోలేదన్నమాట. దేశమంతా చుట్టి వచ్చాక 2023లో ఆ సర్వే వేసిన మొత్తం అంచనా: షుగరున్నవాళ్లు 10.1 కోట్లు, దాని అంచున నిలబడినవాళ్లు మరో 13.6 కోట్లు.

ఆ పట్టణపు లెక్కలోకి వచ్చే పేటల్లో జంషెడ్‌పూర్ తూర్పు వైపున్న బారిడీహ్ ఒకటి. కంపెనీ క్వార్టర్లు, వాటి వెనక బస్తీలు, ఒక బజారు, ఏళ్లనాటి మెర్సీ హాస్పిటల్, 2020లో మొదలైన మణిపాల్ టాటా మెడికల్ కాలేజీ. టాటాల ఉక్కు కంపెనీ 1907లో పుట్టి, 1912లో తొలి ఉక్కు పోసింది. ఆ రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు జనం రైలెక్కి ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఫ్యాక్టరీలో ఆ రెండూ కలగలిపిన మూడో భాషగా మూడు నాలుగు తరాలు గడిచాయి. ఊరు మారింది, భాష కొంత మారింది, కంచం మధ్యలో అన్నం కుప్ప మాత్రం చెక్కుచెదరలేదు.

అందుకే ఇక్కడి తెలుగింట్లో ఎవరికైనా షుగరని తేలిన మర్నాడే ఒక పంచాయితీ మొదలవుతుంది. పక్క క్వార్టరులోని బీహారీ పెద్దాయన గోడ మీంచి సలహా పడేస్తాడు: “చావల్ ఛోడ్ దీజియే, రోటీ ఖాయియే.” ఇంట్లో ముసలమ్మ ఒప్పుకోదు. “అన్నం మెతుకు తగలకపోతే నిద్రెలా పడుతుందిరా నాయనా?” చివరికి రాజీ కుదురుతుంది. రాత్రికి నాలుగు చపాతీలు, ఆఖర్న కాస్త పెరుగన్నం. అందరూ తృప్తిపడతారు, మూడు నెలల తర్వాత వచ్చే రిపోర్టు తప్ప.

ఆ రాజీని తక్కెట్లో పెట్టి చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల మిల్లు బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. అంతే గోధుమపిండిలో 64, అంతే చోళ్లలో, అంటే రాగుల్లో, 67. వండాక బియ్యం నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది కాబట్టి వంద గ్రాముల అన్నంలో 28 గ్రాములు వేసుకోవచ్చు. పప్పుతో ఒక వాయి, కూరతో ఒక వాయి, చారుతో ఒక వాయి, పెరుగుతో ఇంకో వాయి కలుపుకునే మనిషి కంచంలోకి 450 గ్రాముల అన్నం రావడం పెద్ద విశేషమేమీ కాదు. అంటే దాదాపు 125 గ్రాముల పిండిపదార్థం. ఇప్పుడు రాజీ భోజనం చూడండి. ఉత్తరాది చేతివాటంతో ఒత్తిన చపాతీకి 35 గ్రాముల పిండి పడుతుంది. నాలుగింటికి 140 గ్రాములు, అందులో పిండిపదార్థం 90. ఆఖర్న “కాస్త” పెరుగన్నం 150 గ్రాములనుకుంటే మరో 42. మొత్తం 132! మానేసిన అన్నం కన్నా ఏడు గ్రాములు ఎక్కువే. చపాతీలోకి ఆలూ భుజియా చేసుకుని ఉంటే ఆ లెక్క వేరే వేసుకోవాలి. బంగాళాదుంప వంద గ్రాములకు ఇంకో పదిహేను దాకా.

చపాతీ చెడ్డదని కాదు. గోధుమపిండిలో పీచు వందకు 11 గ్రాములుంటే మిల్లు బియ్యంలో మూడు కూడా లేదు. ప్రొటీన్ కూడా గోధుమలోనే ఎక్కువ. అన్నం తీసేసి, దాని బదులు మూడు చపాతీలతో ఆగితే లాభం తప్పకుండా ఉంది. చిక్కు ఆగడం దగ్గరే. “చపాతీయే కదా” అన్న ధీమాతో ఐదోదీ ఆరోదీ లోపలికి పోతాయి.

ఈ గ్రాములు ఒంట్లో ఏంచేస్తాయో చెప్పడానికి ఒక అంకె చాలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున అందులో తిరుగుతున్న గ్లూకోజ్ మొత్తం ఐదు గ్రాములు దాటదు, టీస్పూనుడు. అలాంటి చోటికి ఒక్క భోజనంతో 125 గ్రాములు వచ్చి పడుతుంది. స్టార్చ్ అంటే గ్లూకోజ్ అణువుల గొలుసులే. నోట్లో అమైలేజ్ అనే ఎంజైము వాటిని తెంచడం మొదలుపెడుతుంది, చిన్నపేగు పని పూర్తిచేస్తుంది. వచ్చిన గ్లూకోజ్ వచ్చినట్టు కండరాల్లోకీ కాలేయంలోకీ సర్దేయమని క్లోమం ఇన్సులిన్‌ను పంపుతుంది. టైప్ 2 మధుమేహంలో ఇన్సులిన్ ఉంటుంది, దాని మాట వినేవాళ్లే తగ్గిపోతారు. కొవ్వు పట్టిన కాలేయం నిండిపోయిన గోదాములాంటిది. కొత్త సరుకు తీసుకోదు సరికదా, ఉన్నది రాత్రింబవళ్లు బయటికి తోస్తూంటుంది. “రాత్రి ఏమీ తినలేదు డాక్టరుగారూ, పొద్దున్నే 160 ఎందుకుంది?” అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ఆ గ్లూకోజ్ కంచంలోంచి వచ్చింది కాదు, కాలేయంలోంచి వచ్చింది. క్లోమం కొన్నేళ్లపాటు మరింత ఇన్సులిన్ చేసి నెట్టుకొస్తుంది. ఇక చేయలేననేసరికి ల్యాబు కాగితం మీద ఎర్రగీత పడుతుంది.

మనవాళ్లలో ఇది సన్నటివాళ్లకూ వస్తుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఫొటోను 2004లో లాన్సెట్ పత్రికలో వేయించుకున్నారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకటే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే మాత్రం యుడ్కిన్‌ది 9.1 శాతం, యాజ్ఞిక్‌ది 21.2 శాతం. ఇన్నేళ్లలో వచ్చిన వైద్య పత్రాల్లో ఇంత సూటిగా విషయం చెప్పిన ఫొటో నేను చూడలేదు. అంటే మన చొక్కా లోపల, కంటికి కనబడకుండా, కాలేయం చుట్టూ పేగుల చుట్టూ చేరే కొవ్వు వేరు. బరువు చూసుకుని “నాకేం” అనుకునే కన్నా నడుము చుట్టుకొలత చూసుకోవడం మేలు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే అనుమానించాల్సిందే.

బియ్యానికి మన జిల్లాలతో పాత తగాదా ఒకటుంది. వందేళ్ల కిందట ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు కాపురముండేది. కాళ్లు తిమ్మిరెక్కడం, వాపులు, గుండె ఆగిపోవడం. మిల్లులో తెల్లగా పట్టించిన పచ్చి బియ్యం ముఖ్యాహారమైనచోట అది విరుచుకుపడేది. ఉప్పుడు బియ్యం తినేచోట కనబడేది కాదు. వడ్లను నానబెట్టి ఉడకబెట్టినప్పుడు తవుడులో ఉండే, బెరిబెరిని ఆపే థయామిన్ అనే విటమిన్ గింజలోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత మిల్లాడించినా పూర్తిగా పోదు. ఈ బెరిబెరి మీద పరిశోధనకని 1918లో కూనూరులో ఒక గదిలో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన పనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు మారి, జాతీయ పోషకాహార సంస్థ అయింది. పైన నేను వాడిన ఆహార పట్టికలు ఆ సంస్థవే. తెల్లబియ్యంతో మొదలైన సంస్థ ఇవాళ్టికీ తెల్లబియ్యం గురించి చెబుతూనే ఉంది, జబ్బు పేరు మారిందంతే.

జార్ఖండ్‌లో ఇప్పటికీ ఉసినా చావల్, అంటే మన ఉప్పుడు బియ్యమే, ఎక్కువమంది తింటారు. మూడో తరం తెలుగువాళ్లలో కొందరు దాన్ని “కూలీల బియ్యం” అని పక్కనపెట్టి తెల్లటి సన్నబియ్యం కొంటారు. విటమిన్ల లెక్కలో ఇది నష్టపు బేరం. షుగరు లెక్కలో ఉప్పుడు బియ్యానికి కొంత మొగ్గుంది గాని, రకాన్ని బట్టీ ఉడకబెట్టిన తీరును బట్టీ అది మారుతూంటుంది. “ఉసినా కాబట్టి ఎంతైనా తినొచ్చు” అనే వీలు అది ఇవ్వదు.

ఇక్కడే గ్లైసీమిక్ ఇండెక్స్ అనే మాట వస్తుంది. ఒక ఆహారం రక్తంలో గ్లూకోజ్‌ను ఎంత పెంచుతుందో, శుద్ధ గ్లూకోజ్‌ను వందగా పెట్టుకుని పోల్చే కొలత ఇది. 1981లో టొరంటోలో డేవిడ్ జెన్కిన్స్ బృందం తెచ్చింది. చెన్నైలోని మద్రాస్ మధుమేహ పరిశోధన సంస్థవాళ్లు మన బియ్యాలను కొలిస్తే సోనామసూరికి 72, పొన్నికి 70, సుర్తీ కోలంకి 77 వచ్చాయి. మూడూ ఎక్కువ తరగతివే. తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048, యాభై ఒకటి దగ్గర ఉందని ప్రచారం పొందింది. గింజలో అమైలోజ్ అనే నిటారు గొలుసుల పాలు ఎక్కువగా ఉంటే స్టార్చ్ నెమ్మదిగా కరుగుతుంది, కొమ్మలు కొమ్మలుగా ఉండే అమైలోపెక్టిన్ ఎక్కువైతే చప్పున కరిగిపోతుంది. రకానికీ రకానికీ తేడా చాలావరకు అందువల్లే.

అయితే ఈ ఇండెక్స్ ఎంత వేగంగా అన్నది చెబుతుంది గాని ఎంత మొత్తం అన్నది చెప్పదు. వేగం తక్కువున్న బియ్యాన్ని రెట్టింపు తింటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా అదే గింజను మెత్తగా పిండి ఆడిస్తే వేగం పెరుగుతుంది. మన ఊళ్లో ముసలివాళ్లు చోడంబలి తాగి ఎనభై ఏళ్లు బతికారనే మాట నిజమే కావచ్చు. వాళ్లు తిరగలిలో బరకగా విసిరిన పిండి వాడారు, తాగి పొలానికి పోయారు. మిక్సీలో పౌడరు చేసి, పాలూ బెల్లమూ కలిపిన రాగిమాల్ట్ తాగి సోఫాలో కూర్చుంటే అది వేరే వస్తువు. బెల్లం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రక్తానికి చక్కెరా బెల్లమూ తేనే ఒకటే.

2025 సెప్టెంబరులో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ గోడదాటు సలహాల మీద నేరుగా తీర్పిచ్చినట్టే ఉంది. మొదట చెప్పుకున్న జాతీయ సర్వే నుంచే 1,21,077 మంది తిండి వివరాలు తీసుకుని చూశారు. సగటు భారతీయుడి శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది, ప్రొటీన్ వాటా 12 శాతం. తెల్లబియ్యం తీసేసి దాని స్థానంలో గోధుమపిండో చిరుధాన్యపు పిండో పెట్టినంతమాత్రాన మధుమేహం అవకాశం తగ్గినట్టు కనబడలేదు. మొత్తం శక్తిలో ఐదు శాతం మేర పిండిపదార్థం తీసి, ఆ చోట పప్పుధాన్యాల ప్రొటీనో పాలు పెరుగుల ప్రొటీనో పెట్టినట్టు లెక్కిస్తే తగ్గింది. ఇది జనాన్ని ఒకసారి అడిగి రాసుకున్న లెక్కే గాని, తిండి మార్చి ఏళ్ల తరబడి గమనించింది కాదు. అందుచేత కారణం ఇదేనని బల్లగుద్ది చెప్పలేం. కాని ఇంకోవైపు నుంచీ ఇలాంటి సాక్ష్యమే ఉంది. 21 దేశాల్లో 1,32,373 మందిని సగటున తొమ్మిదిన్నరేళ్లు వెంటాడిన ప్యూర్ అధ్యయనంలో, దక్షిణాసియాలో రోజుకు 450 గ్రాములు అంతకుమించి తెల్లన్నం తినేవాళ్లకు, 150 గ్రాముల లోపు తినేవాళ్లతో పోలిస్తే, మధుమేహం ముప్పు 61 శాతం ఎక్కువగా తేలింది. 450 గ్రాములంటే పైన మనం తక్కెట్లో పెట్టిన ఆ ఒక్క భోజనమే. మనం రోజుకు రెండుసార్లు తింటాం.

కాబట్టి బారిడీహ్ పంచాయితీలో అడగాల్సింది “ఏ గింజ” అని కాదు. “ఎన్ని గ్రాములు, తీసేసిన చోట ఏం పెట్టాం” అని. కొత్తగా షుగరు తేలినవాళ్లు వెనక్కి రావాలంటే శక్తిలో పిండిపదార్థం వాటా 49 నుంచి 54 శాతానికి, ప్రొటీన్ 19-20 శాతానికి రావాలని 2022లో ఆ జాతీయ సర్వే బృందమే 18,090 మంది వివరాలతో లెక్కకట్టింది. రోజుకు 1800 క్యాలరీలు తినే మనిషికి సగం అంటే 225 గ్రాముల పిండిపదార్థం. టీలు, పాలు, పండు, కూరలు కలిపి యాభై తీసేస్తే మూడు పూటలకూ తలా అరవై చొప్పున మిగులుతుంది. అరవై గ్రాములంటే ఒక గిన్నెడున్నర అన్నం, కొలిస్తే 200 గ్రాములు. లేదా రెండు పెద్ద చపాతీలు, పప్పు. ఈ రెండింటి మధ్యా ఎవరికిష్టమైంది వాళ్లు తినొచ్చు. ముసలమ్మా నెగ్గింది, బీహారీ పెద్దాయనా నెగ్గాడు.

అవును, టీలు. షిఫ్టులో నాలుగు, ఇంట్లో రెండు. కప్పుకు రెండు చెంచాలైతే పది గ్రాముల చక్కెర. ఆరు టీలకు అరవై గ్రాములు, అంటే ఒక పూట అన్నం వాటా టీలోనే పోయింది! అన్నం దగ్గర యుద్ధం చేసేవాళ్లు ముందు దీన్ని తగ్గించుకుంటే సగం పని నోరు నొచ్చకుండా అయిపోతుంది. టీతోపాటు నమిలే ముఢీ, అంటే మరమరాలు, నూనె లేదు కదా అని తేలిగ్గా తీసుకుంటారు. బియ్యాన్ని పేల్చితే స్టార్చ్ ఇంకా త్వరగా అరుగుతుంది. అందులో ఒక గుప్పెడు ఉడికించిన శనగలు కలిపితే మటుకు కథ మారుతుంది.

తీసేసిన చోట ఏం పెట్టాలన్నదానికి ఈ ఊరు మన సొంత ఊళ్లకన్నా ధనవంతురాలు. బజారులో ఏ కొట్టుకెళ్లినా సత్తు ఉంటుంది. వేయించిన శనగల పిండి, కిలో ధర ఎవరినీ భయపెట్టదు. వందకు ఇరవై గ్రాముల పైన ప్రొటీన్, పీచు కూడా దండిగా ఉంటాయి. ఇక్కడి కూలివాడు దాన్ని నీళ్లలో కలిపి, ఉప్పు, నిమ్మరసం, తరిగిన ఉల్లి, పచ్చిమిరప వేసుకుని గ్లాసుడు తాగి పనిలోకి పోతాడు. తెలుగిళ్లలో దీన్ని ఎండాకాలం షర్బతుగా చూస్తారే గాని టిఫిను వరుసలో కూర్చోబెట్టరు. మూడు ఇడ్లీలు, ఒక చట్నీ ఉన్న పొద్దుటిపూటలో ఒక ఇడ్లీ తగ్గించి ఒక గ్లాసు సత్తు పెడితే పదకొండింటికి వేసే ఆకలి పన్నెండున్నర దాకా రాదు. చక్కెర కలిపిన సత్తు సంగతి నేను మాట్లాడటం లేదు. ఇక్కడివాళ్లు కుల్తీ అని అమ్మేవి మన ఉలవలే. అందులోనూ ప్రొటీన్ వందకు ఇరవై పైనే. ముంగా సాగ్ అంటే మునగాకు. ఇవన్నీ మన తాతలకు తెలిసిన వస్తువులే, వేరే పేర్లతో పక్క సందులో దొరుకుతున్నాయి.

ఇక్కడ మన వంట గురించి ఒక మాట అనక తప్పదు. తెలుగువాడు పప్పు తింటాననుకుంటాడు గాని, కంచంలోకి వచ్చే పప్పుచారులో పప్పెంత ఉంటుందో గరిటె తిప్పి చూస్తే తెలుస్తుంది. ఆరుగురి కుటుంబానికి ఒక గ్లాసు కందిపప్పు, రెండు పూటలకు. మనిషికి పూటకు పదిహేను గ్రాములు దాటదు, అంటే మూడు నాలుగు గ్రాముల ప్రొటీన్. పప్పు అన్నం కలపడానికి సాధనమైంది గాని తిండి కాలేదు. ముద్దపప్పో పప్పుకూరో గిన్నెలో విడిగా పెట్టుకుని తినడం అలవాటైతే లెక్క సరిపడుతుంది. శక్తిలో ఐదు శాతం పిండిపదార్థం మార్చడమంటే రెండు వేల క్యాలరీల మనిషికి పాతిక గ్రాములు తీసి పాతిక గ్రాముల ప్రొటీన్ పెట్టడం. తొంభై గ్రాముల అన్నం, అంటే చివరి పెరుగు వాయి తగ్గించి, రెండు గుడ్లు, ఒక చిక్కటి పప్పు గిన్నె, 200 గ్రాముల పెరుగు రోజు మొత్తంలో చేర్చుకుంటే దాదాపు సరిపోతుంది. గుడ్డు తిననివాళ్లు ఆ వాటాకి సత్తు, శనగలు, పనీరు వేసుకోవచ్చు.

తినే వరుసకు కూడా విలువుందని తేలింది. న్యూయార్క్‌లో అల్పనా శుక్లా బృందం 2015లో పదకొండు మంది షుగరు పేషెంట్లకు ఒకే భోజనాన్ని రెండు వరుసల్లో పెట్టి చూసింది. ఒకసారి బ్రెడ్డూ జ్యూసూ ముందు, కూరగాయలూ మాంసమూ తర్వాత. ఇంకోసారి తలకిందులుగా. కూరా ప్రొటీనూ ముందు తిన్న రోజు గంట తర్వాత గ్లూకోజ్ 37 శాతం తక్కువ. పదకొండు మందే కాబట్టి అంకెను పట్టుకుని వేలాడక్కర్లేదు. కాని కారణం తేలికగా అర్థమవుతుంది. ముందుపడిన పీచూ ప్రొటీనూ కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. మన విస్తట్లో మొదటి ముద్దే అన్నం. కూర సగం, పప్పు సగం ఉత్తినే తిని ఆ తర్వాత అన్నంలో చెయ్యిపెట్టడం పెళ్లిపంక్తిలో ఎబ్బెట్టుగా ఉంటుందేమో గాని ఇంట్లో అడిగేవాళ్లెవరు?

చద్దన్నం గురించీ అడుగుతూంటారు. ఉడికిన స్టార్చ్ చల్లబడితే కొంత భాగం గట్టిపడి పేగుల్లో అరగదు. ఇండోనేషియాలో కొలిచినప్పుడు వేడన్నంలో వందకు 0.64 గ్రాములున్న ఈ మొండి స్టార్చ్, ఒకరోజు ఫ్రిజ్‌లో పెట్టి వేడిచేస్తే 1.65 అయింది. గ్రాము పెరిగింది. మిగతా ఇరవయ్యారు గ్రాములూ మామూలుగానే అరుగుతాయి. తినండి, బావుంటుంది. మందనుకోకండి. బయట రాత్రంతా వదిలేసిన అన్నంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి కాబట్టి ఎండాకాలం ఫ్రిజ్‌లోనే పెట్టండి.

ఉక్కు నగరంలో ఇంకో చిక్కుంది, షిఫ్టు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా పనిచేసే సి-షిఫ్టు మనిషి రెండింటికి క్యాంటీన్లో తినే పళ్లెం, అదే మనిషి పొద్దున్న తినే పళ్లెం ఒంటికి ఒకటి కాదు. హార్వర్డ్ పరిశోధకులు 2015లో చూపించిందేమిటంటే, ఒకే భోజనాన్ని శరీర గడియారం ప్రకారం ఉదయం కాక సాయంత్రం తింటే తిన్న తర్వాతి గ్లూకోజ్ 17 శాతం ఎక్కువుంటుంది. రాత్రివేళ క్లోమం చురుకు తగ్గుతుంది. కాబట్టి రాత్రి షిఫ్టు వారంలో అన్నం భాగాన్ని షిఫ్టుకు వెళ్లేముందు ఎనిమిది తొమ్మిది గంటలకే ముగించి, నడిరాత్రికి గుడ్లు, వేయించిన శనగలు, మజ్జిగలాంటివి పెట్టుకోవడం మేలు. ఈ ఊరి తాతలు ఫర్నేసు ముందు పార పట్టినప్పుడు అన్నం కుప్ప అంతుండటంలో న్యాయముంది. మనవడు కంట్రోల్ రూములో తెర ముందు కూర్చున్నాడు. కుప్ప మాత్రం తాత కొలతలోనే ఉంది. తిన్న వెంటనే పదిహేను నిమిషాలు నడిస్తే కండరం పనిచేస్తూ ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. పొద్దున్న గంట నడక కొట్టినవాళ్లు కూడా ఈ చిన్న నడకను వదులుకోకూడదు.

జబ్బు పోతుందా అన్న ప్రశ్నకు ఇదివరకు లేదు అనేవారు. ఇప్పుడు జవాబు కొంచెం మారింది. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్‌ల బృందం, షుగరొచ్చి ఆరేళ్లు దాటని 306 మందిని తీసుకుని, వారిలో సగం మందికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 క్యాలరీల ద్రవాహారం ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆ సగంలో 46 శాతం మంది మందుల్లేకుండా మామూలు అంకెలకొచ్చారు. 15 కిలోలు, అంతకుమించి తగ్గినవాళ్లలో 86 శాతం. రెండో ఏడాదికి ఆ 46 శాతం కాస్తా 36 శాతానికి జారింది, బరువు తిరిగొచ్చినవాళ్లకు షుగరూ తిరిగొచ్చింది. కాలేయంలోనూ క్లోమంలోనూ పేరుకున్న కొవ్వు కరగడమే దీని కీలకమని టేలర్ వాదన. ఇది డాక్టరు పర్యవేక్షణలో జరిగిన పని. పదేళ్లుగా షుగరుండి క్లోమం అలసిపోయినవాళ్లకు అంత ఆశ పెట్టడం న్యాయం కాదు. వాళ్లకైనా పిండి తగ్గిస్తే మాత్రల సంఖ్య తగ్గవచ్చు.

తగ్గించే ముందు మాత్రల చీటీ ఒకసారి చూసుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు పెద్ద భయం లేదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో వాడుతూ ఉన్నట్టుండి అన్నం సగం చేస్తే, మందు పాత కుప్పకు తగ్గట్టు పనిచేసి షుగరు 70 కిందికి పడిపోతుంది. చెమటలు, వణుకు, తిక్కతిక్క మాటలు. అప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ కొలవాలి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందు వాడేవాళ్లు పిండిపదార్థాన్ని దాదాపు పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లు చేరి ప్రాణం మీదికొచ్చే ప్రమాదముంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ప్రొటీన్ ఎంతో డాక్టరునడిగే పెంచుకోవాలి. ముందు డోసు సర్దించుకోవాలి, ఆ తర్వాతే కంచం సర్దుకోవాలి.

కంచం మార్చాక తేడా చూసుకోవడానికి మూడు నెలల రిపోర్టు దాకా ఆగక్కర్లేదు. మొదటి ముద్దకు ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఒకసారి గ్లూకోమీటరుతో చూసుకుంటే ఆ భోజనం ఏంచేసిందో తేలిపోతుంది. ముందు 80-130, తర్వాత 180 లోపు ఉండాలన్నది చాలామందికి పెట్టే గురి. వయసు మళ్లినవాళ్లకు డాక్టర్లు దాన్ని కొంచెం సడలిస్తారు. 200 గ్రాముల అన్నం ఒకరోజు, రెండు చపాతీలు ఇంకోరోజు, అదే కూరతో, అదే సమయానికి తిని రాసుకుంటే అన్నమా చపాతీయా అన్న పంచాయితీకి మీ ఇంటి జవాబు మీ పుస్తకంలోనే ఉంటుంది. మూడు నెలల పరీక్ష ఎర్రకణాలకు అంటుకున్న గ్లూకోజ్‌ను కొలుస్తుంది, ఆ కణాలు బతికేది సుమారు 120 రోజులు. ఇనుము తక్కువై రక్తహీనత ఉన్నవాళ్లలో అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు, సికిల్ సెల్ లాంటి జబ్బులుండి కణాలు త్వరగా చితికిపోయేవాళ్లలో తక్కువ చూపవచ్చు. జార్ఖండ్‌లో రెండూ ఉన్నాయి. మీటరు పుస్తకం ఒకటి చెబుతూ, ల్యాబు కాగితం మరొకటి చెబుతున్నప్పుడు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవడం మంచిది.